ఎండసీమలో సుగంధ తైలాలు

సుగంధ తైలంలో కొవ్వు ఉండదు. నువ్వుల నూనె చుక్క కాగితం మీద పడితే మరక అలాగే ఉండిపోతుంది. నిమ్మగడ్డి తైలం చుక్క పడితే కాసేపటికి ఎగిరిపోతుంది, కాగితం మీద జాడ దాదాపు మిగలదు. మొక్క తన ఆకులోనో, తొక్కలోనో, వేరులోనో, బంకలోనో దాచుకునే ఆవిరయ్యే రసాయనాల మిశ్రమమే ఈ తైలం. వీటిలో ఎక్కువ భాగం టెర్పీన్లనే కుటుంబానికి చెందినవి. పది కర్బన పరమాణువులున్న టెర్పీన్లు తేలికైనవి, త్వరగా గాలిలో కలుస్తాయి. చీనీ తొక్కలోని లిమోనిన్, జామాయిల్ ఆకులోని సినియోల్, కర్పూరం ఈ కోవలోవే. పదిహేను కర్బనాలున్నవి బరువైనవి, నిదానంగా ఆవిరవుతాయి. వట్టివేరు వాసనకు మూలం ఈ రెండో రకం. అందుకే వట్టివేళ్ల తడిక ఎండాకాలమంతా నీళ్లు చల్లినప్పుడల్లా వాసననిస్తుంది, ఒలిచిన చీనీ కాయ వాసన మాత్రం గంటలోపే పోతుంది.

తైలం తీసే పద్ధతి చాలావరకు ఒకటే. పెద్ద పాత్రలో మొక్కను కూరి, దాని గుండా నీటి ఆవిరి పంపిస్తారు. ఆవిరి తనతోపాటు వాసన పదార్థాలను మోసుకుపోతుంది. దాన్ని చల్లార్చితే సాధారణంగా నీళ్లు అడుగునా తైలం పైనా తేరుకుంటాయి. నిమ్మజాతి పండ్ల తొక్కల నుంచి మాత్రం వేడి లేకుండా పిండి తీయడమూ ఉంది. పచ్చి నిమ్మగడ్డి వంద కిలోలు వేస్తే దిగే తైలం సుమారు అరకిలో. అంటే టీ చెంచాడు తైలంలో దాదాపు కిలో గడ్డి సారం ఉంటుంది. టీలో వేసుకునేది రెండు మూడు ఆకులు. సుగంధ తైలాలతో వచ్చే ప్రమాదాల్లో అధిక భాగం ఈ లెక్క తెలియకపోవడం వల్లనే. ఆకుగానో, వేరుగానో, తొక్కగానో తరతరాలుగా ఇంట్లో ఉన్న వస్తువు సీసాలోకి వచ్చేసరికి వంద, రెండు వందల రెట్లు చిక్కబడి ఉంటుంది. పాత అలవాటు మీద ఉన్న నమ్మకం మాత్రం అలాగే సీసా మీదికి మారిపోయింది.

కర్నూలు, కడప ప్రాంతాలకు వాసన వస్తువులు కొత్త కాదు. పూలమాలల్లో కనకాంబరాల మధ్య గుచ్చే మరువం, దవనం రెండూ తైలపు మొక్కలే. దవనం తైలానికి అత్తరు తయారీలో మంచి గిరాకీ ఉంది. కడప పెద్ద దర్గా ఉరుసులో గంధం ఊరేగుతుంది. శేషాచలం కొండల్లో కొండ సాంబ్రాణి చెట్టు పెరుగుతుంది. ఈ చెట్టు ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని తూర్పు కనుమల జాతి. దాన్ని శాస్త్రలోకానికి కొత్త జాతిగా 1961లో బాలకృష్ణన్, హెన్రీ అనే వృక్షశాస్త్రజ్ఞులు వర్ణించారు. నీళ్లు తక్కువున్న మెట్ట నేలల్లో నిమ్మగడ్డి, పామరోసా, వట్టివేరు పెంచవచ్చని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ ప్రోత్సహిస్తోంది. లక్నో కేంద్రంగా ఉన్న ఈ సంస్థకు హైదరాబాదులోనూ పరిశోధన కేంద్రం ఉంది.

ఈ ప్రాంతపు పేరు చెప్పగానే గుర్తొచ్చే ఎర్రచందనం మాత్రం ఈ జాబితాలో లేదు. పాలకొండలు, లంకమల, శేషాచలాల్లో పెరిగే ఆ చెట్టు కలపలో ఎర్రటి రంగు పదార్థం ఉంది, చెప్పుకోదగ్గ వాసన లేదు. పరిమళమిచ్చే శ్రీగంధం వేరే చెట్టు, వేరే కుటుంబం. ఎర్రచందనం ఎసెన్షియల్ ఆయిల్ అని రాసి ఉన్న సీసాలో ఘాటైన గంధపు వాసన వస్తే, ఆ వాసన ఎర్రచందనానిది కాదని తీర్మానించుకోవచ్చు.

వాసనలతో చికిత్స చేయవచ్చనే ఆలోచనకు అరోమాథెరపీ అనే పేరు స్థిరపడింది ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు రెనే మోరిస్ గాట్‌ఫోసే 1937లో వేసిన పుస్తకంతో. ముక్కు పైభాగంలోని వాసన నాడులు మెదడులో ఉద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలతో దగ్గరి దారిలో కలుస్తాయి కాబట్టి, నచ్చిన వాసన మనసును కొంత తేలికపరచడంలో వింత లేదు. లావెండర్ లాంటివాటితో ఆందోళన కొద్దిగా తగ్గుతుందనడానికి ఓ మోస్తరు ఆధారాలున్నాయి. రక్తపోటు, మధుమేహం, ఆస్తమా, కీళ్లవాతం వాసనతో నయమవుతాయనడానికి లేవు. సుగంధ తైలం నుంచి ఆశించదగినది హాయి. ఆ హాయికి నాలుగు చుక్కలు చాలు.

ఈ రెండు జిల్లాల్లో తైలాల విషయంలో మొదట లెక్కలోకి రావలసింది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలు మామూలు. రేకుల ఇంట్లో, ఎండలో నిలిపిన కారులో అది 50 దాటుతుంది. మండే ద్రవం నుంచి నిప్పంటుకోవడానికి చాలినంత ఆవిరి పుట్టే ఉష్ణోగ్రతను జ్వలన బిందువు అంటారు. నీలగిరి తైలానికి, చీనీ తొక్క తైలానికి అది 50 డిగ్రీల దరిదాపుల్లో ఉంది. టర్పెంటైన్‌కు ఇంకా తక్కువ, సుమారు 35. లావెండర్, నిమ్మగడ్డి తైలాలకు 70 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. చలి దేశంలో అచ్చయిన సూచనల కాగితం గది ఉష్ణోగ్రత అంటే 20, 25 డిగ్రీలను దృష్టిలో పెట్టుకుంటుంది. ఆదోనిలోనో, ప్రొద్దుటూరులోనో మే నెల మధ్యాహ్నం గది ఉష్ణోగ్రత దానికి దూరంగా ఉంటుంది.

తైలం ఎంత సులువుగా మండుతుందో పులివెందుల పిల్లలకు పుస్తకం చెప్పనక్కరలేదు. దీపం ముందు చీనీ తొక్కను వంచి నొక్కితే చిమ్మిన తుంపర చిటపటమని వెలిగి ఆరుతుంది. ఆ తొక్క తైలంలో నూటికి తొంభై పాళ్లకు పైగా లిమోనినే. తొక్కలో ఉన్నది అణుమాత్రం కాబట్టి అది ఆటగా ముగుస్తుంది. పదిహేను మిల్లీలీటర్ల సీసా దేవుడి గూట్లో దీపం పక్కన ఒరిగితే ఆట కాదు. గూడు, గ్యాస్ పొయ్యి, అగరుబత్తి స్టాండు, ఇన్వర్టరు బ్యాటరీ ఉన్న చోటు, బండి డిక్కీ, కారు డ్యాష్‌బోర్డు తైలాలుంచే స్థలాలు కావు. నూనె దీపంలో వాసన కోసం నాలుగు చుక్కలు కలపడమూ మానాలి. వత్తి దగ్గరి వేడికి తైలం ఒక్కసారిగా ఆవిరై మంట ఎగుస్తుంది.

ఎండ చేసే రెండో పని కంటికి కనిపించదు. గాలి, వెలుతురు, వేడి తగిలినకొద్దీ లిమోనిన్, లినలూల్ లాంటివి ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోపెరాక్సైడ్‌లుగా మారతాయి. చర్మానికి దద్దుర్లు, ఎలర్జీ తెచ్చేవి ప్రధానంగా ఈ పాతబడిన పదార్థాలే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం స్థూలంగా రెట్టింపవుతుందన్న లెక్కన, చల్లటి దేశంలో రెండేళ్లు నిలిచే తైలం ఇక్కడి అలమారలో అంతకాలం నిలవదు. నిమ్మజాతి తైలాలు, టీ ట్రీ తైలం ముందుగా పాడవుతాయి. ముదురు గోధుమరంగు గాజు సీసా, బిగుతైన మూత, ఇంట్లో అన్నిటికంటే చల్లని లోపలి గది, తాళం పడే పెట్టె ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టేటట్లయితే మూతబిగువు డబ్బాలో, తినే వస్తువులకు దూరంగా, పిల్లల చేతికి అందని అరలో పెట్టాలి. కొన్న తేదీని సీసా మీద రాసుకోవడం మంచిది. సగానికి పైగా ఖాళీ అయిన సీసాలో గాలి ఎక్కువ కాబట్టి దాన్ని త్వరగా వాడేయాలి. వాసనలో వార్నిష్ ఛాయ వచ్చిన తైలం ఒంటికి పనికిరాదు. మురికి కాలువలో ఒంపడం కూడా తగదు. మట్టిలోనో, రంపపు పొట్టులోనో పీల్చనిచ్చి, ఆరుబయట నిప్పుకు దూరంగా ఆరబెట్టి పారేయాలి.

ఎండ నుంచి తప్పించుకోవడానికి జనం చేసే పని తలుపులు మూసుకోవడం. దానితో మూడో చిక్కు వస్తుంది. పాత మట్టి మిద్దెలకు గోడలు మందం, కిటికీలు తక్కువ, పైన ఒక గవాచి. బండల మిద్దెలదీ దాదాపు ఇదే తీరు. పదకొండు నుంచి నాలుగు దాకా వడగాలి లోపలికి రాకుండా అన్నీ బిగించుకున్న గదిలో తైలాన్ని గాలిలోకి చిమ్మే డిఫ్యూజర్ గంటల తరబడి నడిస్తే ఆవిరి పేరుకుంటుంది. తలనొప్పి, గొంతు మంట, కళ్లు నీరుకారడం, ఆస్తమా ఉన్నవారికి ఆయాసం ఈ పేరుకోవడం వల్లనే. టెర్పీన్లు గాలిలోని ఓజోన్‌తో కలిస్తే ఫార్మాల్డిహైడ్, అతిసూక్ష్మ కణాలు పుడతాయి. ఎండ తీవ్రంగా ఉన్న మధ్యాహ్నాల్లోనే నేల దగ్గరి ఓజోన్ కూడా ఎక్కువ. కాబట్టి డిఫ్యూజర్‌కు తగిన వేళ తెల్లవారుజాము, లేదా పొద్దువాలి తలుపులు తెరిచిన తర్వాత. వంద మిల్లీలీటర్ల నీళ్లకు మూడు నుంచి ఐదు చుక్కలు వేసి, పదిహేను నుంచి ముప్పై నిమిషాలు నడిపి ఆపేయాలి. వాసన తెలియడం మానేసిందని మళ్లీ చుక్కలు వేయడం పొరపాటు. ముక్కు అలవాటు పడిందే తప్ప గాలిలోది తగ్గలేదు.

ఎయిర్ కూలర్ తొట్టిలో తైలం పోయడం ఈ పొడి జిల్లాల్లో మరో అలవాటు. తైలం నీటిలో కలవదు, పైన పొరగా తేలుతుంది. కొంత పంపు గొట్టాల్లోకి పోతుంది, కొంత ఒక్కసారిగా గాలిలోకి లేస్తుంది. లిమోనిన్ లాంటివి థర్మోకోల్‌ను కరిగించేస్తాయి, కొన్ని ప్లాస్టిక్ భాగాలను మెత్తబరుస్తాయి. కూలర్ గంటకు ఎంత గాలి గదిలోకి తోస్తుందో చూస్తే ఎవరి ముక్కుకు ఎంత మోతాదు చేరుతుందో లెక్కకు అందదు. తడిపిన వట్టివేళ్ల తడికకు ఈ ఇబ్బందులేవీ లేవు. పాత పద్ధతులన్నీ మేలైనవని దీని అర్థం కాదు, ఈ ఒక్కటి మేలైనదే. వేరు తనలోని తైలాన్ని తానే కొలిచి వదులుతుంది. తడిక మీద బూజు పట్టకుండా వారానికోసారి ఎండబెడితే చాలు.

పాత పద్ధతుల్లో మేలుకానిదానికి ఉదాహరణ సాంబ్రాణి పొగ. పొగలో వాసన తక్కువ, మసి ఎక్కువ. బంక కాలినప్పుడూ, దాని కింద బొగ్గు రాజుకున్నప్పుడూ సూక్ష్మ ధూళి, బెంజీన్, కార్బన్ మోనాక్సైడ్ వెలువడతాయి. ఇప్పుడు దొరికే కప్పు సాంబ్రాణిలో బొగ్గుపొడే ప్రధానం. పసిబిడ్డకు నీళ్లు పోసి, తల ఆరడానికి గంపకింద పొగవేసే ఆచారం పల్లెల్లో ఇంకా ఉంది. నిమిషానికి నలభై సార్లు ఊపిరి తీసే పసిగుడ్డు ఆ పొగను పెద్దల కంటే ఎక్కువగా లోపలికి తీసుకుంటుంది. తలను మెత్తటి గుడ్డతో తుడిస్తే పని జరుగుతుంది. ఇల్లంతా సాంబ్రాణి వేయాలనుకుంటే బిడ్డను, బాలింతను, దగ్గు ఆయాసాలున్నవారిని పక్క గదికి పంపి, తలుపులు, గవాచి తెరిచి వేసి, కుంపటిని రాత్రి మూసిన గదిలో ఉంచకుండా బయటపెట్టాలి.

గాలి ద్వారా వచ్చే ఇబ్బంది చాలావరకు నిదానమైనది. నోటి ద్వారా వచ్చేది వేగమైనది. అందులో అన్నిటికంటే ముందు చెప్పుకోవలసినది ప్రతి ఇంట్లో ఉన్న హారతి కర్పూరం. అది ఘనరూపంలో ఉన్న సుగంధ తైలమే అనుకోవచ్చు. బజారులో దొరికేది దాదాపు అంతా టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారైనది. కొవ్వులో కరిగే గుణం వల్ల కడుపులోకి పోయిన కొన్ని నిమిషాల్లోనే రక్తంలో కలిసి మెదడుకు చేరుతుంది. వాంతి, కంగారు, ఆ వెంటనే ఫిట్స్ వస్తాయి. ముందు లక్షణమేమీ లేకుండా నేరుగా ఫిట్స్ రావడమూ ఉంది. గ్రాము కర్పూరంతో చిన్నపిల్లలు చనిపోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి. నాలుగైదు చిన్న బిళ్లల బరువు గ్రాము దాకా ఉండవచ్చు. తెల్లగా, చల్లగా, పటికబెల్లం ముక్కలా ఉండే వస్తువును రెండేళ్ల బిడ్డ నోట్లో వేసుకోవడానికి ప్రత్యేక కారణం అక్కరలేదు. అమెరికాలో మందుల దుకాణంలో చీటీ లేకుండా అమ్మే పైపూతల్లో కర్పూరం 11 శాతం మించకూడదనే నియమం 1980ల నుంచి ఉంది. 2009లో న్యూయార్క్ బ్రాంక్స్ ప్రాంతంలో ముగ్గురు పిల్లలకు కర్పూరం వల్ల ఫిట్స్ వచ్చిన సంగతిని అక్కడి వైద్యులు ప్రచురించారు. ఇక్కడ పూజగదిలో బిళ్లల డబ్బాను కింది గూట్లో కాకుండా పెద్దలు నిలబడితేనే అందే ఎత్తులో పెట్టడం ఖర్చులేని పని. ప్రసాదాల్లో వేసే పచ్చకర్పూరం వేరే సరుకు, అదీ చిటికెలో చిటికెడే. హారతి బిళ్లను తినే వస్తువుల్లో వేయకూడదు. బట్టల పెట్టెలో కర్పూరానికి బదులు వేసే కలరా ఉండలు మరో రకం విషం, వాటికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

పసిబిడ్డల మెడలో కర్పూరం మూటకట్టడం, ముక్కు దగ్గర రాయడం ఇంకో సమస్య. కర్పూరం, మెంథాల్, సినియోల్ ఘాటు ముక్కులో హఠాత్తుగా తగిలినప్పుడు పసిపిల్లలకు ఊపిరి కాసేపు ఆగిపోయే అవకాశం ఉంది. ఇవి ఉన్న బామ్ ఏదైనా రెండేళ్లలోపు పిల్లలకు రాయకూడదు, ఎంత వయసువారికైనా ముక్కురంధ్రాల లోపల రాయకూడదు. 2021 వేసవిలో కోవిడ్ రెండో అల ముమ్మరంగా ఉన్నప్పుడు కర్పూరం, వాము, లవంగం, నీలగిరి తైలం మూటకట్టి వాసన చూస్తే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుందన్న సందేశం ఫోన్లలో చుట్టబెట్టింది. ఆక్సిజన్ పెరగదు. ముక్కు చల్లబడి ఊపిరి సాఫీగా ఆడుతున్నట్లు అనిపిస్తుంది, అంతే. ఆ అనిపించడం వల్ల ఆసుపత్రికి పోవడం ఆలస్యమైతే అదే అసలు నష్టం.

నీలగిరి తైలానికి తెలుగు ఇళ్లలో నూరేళ్లకు పైబడిన చోటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం, 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్, ఊటీ నుంచి తెచ్చుకునే తైలం సీసా లేని ఇల్లు ఒకప్పుడు అరుదు. ఇలాంటి మందుల మీద రాసిన మోతాదు చుక్కల్లో ఉండడానికి కారణముంది. లేబుల్ లేని చిన్న సీసాల్లో విడిగా అమ్మే శుద్ధ తైలం విషయంలో ఆ అదుపు ఉండదు. చిన్నపిల్లలు రెండు మూడు మిల్లీలీటర్లు మింగినా మత్తు, తూలడం మొదలుకావచ్చు. టీ చెంచాడు దాటితే స్పృహ తప్పడం దాకా పోతుంది. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయిన చుక్కలు నిమ్ముకు దారితీస్తాయి. నొప్పుల బామ్‌లలో కలిసే వింటర్‌గ్రీన్ తైలం లెక్క ఇంకా కటువైనది. దాన్లోని మిథైల్ సాలిసిలేట్ ఐదు మిల్లీలీటర్లు సుమారు ఏడు గ్రాముల ఆస్పిరిన్‌కు సమానం, అంటే ఇరవైకి పైగా మాత్రలు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్రలు వాడేవారు ఆ బామ్‌ను ఒంటినిండా రుద్దుకోవడం కూడా ప్రమాదమే.

పెద్దవారికి ఫిట్స్ వచ్చినప్పుడు బామ్ గురించి అడగాలని చాలామందికి తోచదు. దక్షిణ భారతంలోని నాలుగు ఆసుపత్రుల్లో బెంగళూరు నరాల వైద్యులు నాలుగేళ్లపాటు ఆ ప్రశ్న పట్టుబట్టి అడిగారు. 2021లో ప్రచురించిన వారి ఫలితాల ప్రకారం ఫిట్స్‌తో వచ్చిన 350 మందిలో 55 మందికి అంతకుముందు సుగంధ తైలాలతో సంబంధం కనిపించింది. వారిలో 22 మందికి అంతకుమునుపు మూర్ఛ వ్యాధి లేదు. నీలగిరి తైలం, కర్పూరం ఉన్న తయారీలే ఇందులో ప్రధానం. మూర్ఛ చరిత్ర ఉన్న ఇంట్లో ఈ రెండింటితోపాటు రోజ్‌మేరీ, సేజ్, హిస్సాప్ తైలాలనూ దూరం పెట్టడం మంచిది. గర్భిణులు మొదటి మూడు నెలల్లో తైలాలన్నిటికీ దూరంగా ఉండడం, ఆ తర్వాత డాక్టరును అడగడం క్షేమం.

జలుబుకు ఆవిరి పట్టేటప్పుడు ఉపశమనంలో ఎక్కువ వాటా వేడి నీటి ఆవిరిదే. తైలం వేస్తే ఒక్క చుక్క చాలు, కళ్లు మూసుకోవాలి. పిల్లల విషయంలో తైలం కంటే గిన్నె ప్రమాదకరం. దుప్పటి కింద కూర్చోబెట్టిన పిల్లవాడు కదిలితే సలసల కాగిన నీళ్లు ఒడిలో పడతాయి. ఆసుపత్రులకు ఆవిరి గిన్నె వల్ల వచ్చే కేసులు ఎక్కువగా కాలినగాయాలవే.

ఒంటికి రాసేటప్పుడు శుద్ధ తైలాన్ని నేరుగా రాయకూడదు. చెనిక్కాయల నూనె, నువ్వుల నూనె, కొబ్బరి నూనె ఏదైనా కలపడానికి పనికొస్తుంది. చుక్క సుమారు మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. ముప్పై మిల్లీలీటర్ల నూనెకు పన్నెండు చుక్కలు వేస్తే రెండు శాతం మిశ్రమం, పెద్దల మర్దనకు అది సరిపోతుంది. ముసలివారికి, పలచటి చర్మానికి ఆరు చుక్కలు చాలు. దాల్చినచెక్క, లవంగం, వాము తైలాలు ఇంతకన్నా తక్కువలోనే మంటపుట్టిస్తాయి కాబట్టి మర్దనకు వాటిని ఎంచుకోకపోవడం నయం. మొదటిసారి మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు ఆగి చూడాలి. నీళ్ల బకెట్‌లో నేరుగా చుక్కలు వేస్తే అవి పైన తేలి, స్నానం చేసేటప్పుడు చిక్కటి తైలంగానే ఒంటికి తగులుతాయి.

వేడి లేకుండా పిండి తీసిన నిమ్మ, బెర్గమాట్ తైలాల్లో ఫ్యూరానోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్లు బొబ్బలు లేచి, నెలల తరబడి నల్లమచ్చలు మిగులుతాయి. నిమ్మతైలం రాసుకుని చేనికో, బండి మీద పనికో పోయేవారికి ఈ సీమ ఎండ ఊరికే వదలదు. రాసిన తర్వాత కనీసం పన్నెండు గంటలు ఆ చోట ఎండ తగలకూడదు. ఆవిరి పట్టి తీసిన నిమ్మతైలంలో ఈ పదార్థాలు దాదాపు ఉండవు. చీనీ తొక్క తైలానికీ ఈ బెడద లేదు. సీసా మీద తీసిన పద్ధతి రాసి ఉందా లేదా చూడమనేది ఇందుకే. మొక్క శాస్త్రీయ నామం, తీసిన భాగం, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ లేకుండా వాసన పేరు మాత్రమే ఉన్నది సెంటు కావచ్చు. బట్టలకు పనికొస్తుంది, ఒంటికి కాదు.

దోమలకు నిమ్మగడ్డి జాతి తైలాలు కొంతసేపే పనిచేస్తాయి. 2002లో అమెరికాలో వెలువడిన ఒక పోలికలో సిట్రొనెల్లా తయారీల రక్షణ ఇరవై నిమిషాలు నిలవలేదు, సుమారు 24 శాతం డీట్ అనే రసాయనం ఉన్న మందు ఐదు గంటలు కాపాడింది. డెంగీ కాలంలో దోమతెర మేలు.

ఇంట్లో నీళ్లలో తైలం కలిపి గదిలో చల్లే స్ప్రే తయారుచేసుకునేవారు నీటి సంగతి మరచిపోతారు. వాసన బ్యాక్టీరియాను ఆపదు. 2021లో అమెరికాలోని నాలుగు రాష్ట్రాల్లో నలుగురికి మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు సోకి ఇద్దరు చనిపోతే, ఆరా తీసిన అధికారులకు మూలం ఒక లావెండర్ గది స్ప్రేలో దొరికింది. అది భారతదేశంలో తయారైన సరుకు. మట్టిలోనూ నీటిలోనూ బతికే ఆ క్రిమి సీసాలో కూడా బతికింది. బోరు నీళ్లతో చేసిన స్ప్రే వారాల తరబడి నిలవ ఉంచదగినది కాదు. మరిగించి చల్లార్చిన నీటితో, ఒకటి రెండు రోజులకు సరిపడా మాత్రమే కలుపుకోవాలి.

పిల్లులున్న ఇంట్లో టీ ట్రీ తైలం వద్దు. వాటి కాలేయానికి ఇలాంటి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి తక్కువ. బొచ్చు మీద పడినదాన్ని నాకి ఒంట్లోకి తీసుకుంటాయి. పంజరంలో చిలకలుంటే డిఫ్యూజర్ ఆ గదిలో నడపకూడదు.

ఎంత జాగ్రత్తపడినా సీసా ఎప్పుడో ఒకప్పుడు ఒలుకుతుంది. చర్మం మీద పడితే ముందు వంటనూనె అద్దిన గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. వట్టి నీళ్లకు తైలం వదలదు. కంట్లో పడితే రెప్పలు తెరిచి పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. మింగితే వాంతి చేయించకూడదు. విషం అనగానే కుంకుడు రసమో, ఉప్పునీళ్లో, చింతపండు పులుసో పట్టించే అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. కక్కేటప్పుడు తైలం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, ఆ సమయంలోనే ఫిట్స్ వస్తే పొలమారి ఊపిరాడదు. విరుగుడని పాలు, నూనె పోయడమూ తప్పే, కర్పూరం కొవ్వులో కరిగి త్వరగా రక్తంలో కలుస్తుంది. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా సలహా ఇస్తుంది. ఆసుపత్రికి సీసాను వెంట తీసుకుపోవాలి, ఎంత ఉండేది, ఎంత మిగిలింది, ఎన్ని గంటలకు జరిగింది చెప్పాలి. అప్పటికి బిడ్డ ఆడుకుంటూ ఉన్నా కర్పూరం, నీలగిరి తైలం మింగిన అనుమానముంటే డాక్టర్లు కొన్ని గంటలు కనిపెట్టి ఉంచుకుంటామంటారు, ఇంటికి తొందరపడకూడదు.